పంటి పని రోటికి అప్పగించాక

కర్నూలు, కడప జిల్లాల్లో తిరునాళ్లప్పుడు జరిగే బండలాగుడు పోటీల కరపత్రం చూస్తే విభాగాలు పళ్ల లెక్కలో కనిపిస్తాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. ఎద్దుకు పుట్టినతేదీ సర్టిఫికెట్ ఉండదు కాబట్టి కింది పెదవి లాగి చూస్తారు. రెండేళ్లు దాటాక మధ్యలోని రెండు పాలపళ్లు ఊడి, వాటి చోట వెడల్పాటి పళ్లు వస్తాయి. తర్వాత ఒక్కో జత మారుతూ పోయి, నాలుగైదేళ్లకు ఎనిమిదీ నిండుతాయి. పై దవడ ముందు భాగంలో చూడటానికేమీ ఉండదు. ఎద్దుకు అక్కడ పళ్లే లేవు, గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. గడ్డిని నాలుకతో చుట్టి, కింది పళ్లకూ ఆ చిగురుకూ మధ్య నొక్కిపట్టి తెంపుకోవడానికి అంతే చాలు. అసలు పని వెనకాల ఉన్న దంతాలది. ఇసుకా దుమ్మూ కలిసిన గడ్డిని బతికినన్నాళ్లూ నూరాలి కనుక అవి పొడవుగా ఉంటాయి. పైన అరిగేకొద్దీ కింది నుంచి కాస్త కాస్త పైకి జరుగుతాయి.

మనిషి నోటిని కూడా ఇలాగే చదవవచ్చు. అయితే ఒక చిక్కుంది. ఎద్దు నోరు చూస్తే అది తినేదేమిటో తెలుస్తుంది. మనిషి నోరు చూస్తే వాడి పూర్వీకులు తిన్నదేమిటో కొంత తెలుస్తుంది గానీ, వాడు ఇవాళ తినేది తెలియదు. మధ్యలో రాయి, నిప్పు, రోలు, తిరగలి, చివరికి మిక్సీ వచ్చి పళ్ల పని చాలావరకు లాగేసుకున్నాయి. పళ్ల సైజు ఎక్కువగా వంశపారంపర్యంగా వచ్చేది. దవడ మాత్రం ఆ బిడ్డ చిన్నప్పుడు ఎంత నమిలిందనే దాన్ని బట్టి కూడా పెరుగుతుంది. ఒకటి లక్షల ఏళ్ల లెక్క, రెండోది పదిహేనేళ్ల లెక్క. ఈ రెండూ కుదరకపోవడమే నేటి నోటి కష్టాల్లో చాలావాటికి మూలం.

పురాతన జీవుల గురించి మాట్లాడేటప్పుడు దంతాలకే అంత ప్రాధాన్యం ఎందుకంటే, మట్టిలో అవే నిలుస్తాయి. పంటి మీది ఎనామిల్‌లో సుమారు 96 శాతం ఖనిజమే, ఒంట్లో అంతకన్నా గట్టి పదార్థం లేదు. ఉమ్మడి కర్నూలు జిల్లా బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1884-85లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. అక్కడ దొరికిన శిలాజాలను రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించారు. వాటిలో ఈ ప్రాంతంలో ఇప్పుడు మచ్చుకైనా కనిపించని ఖడ్గమృగం అవశేషాలున్నాయి. దానికి ఆయన రైనోసెరాస్ కర్నూలియెన్సిస్ అని మన ఊరి పేరే పెట్టారు. ఎనామిల్‌కు ఇంత గట్టిదనం ఉన్నా ఒక లోటుంది. దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే నశించిపోతాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది, పోయిన ఎనామిల్ తిరిగి పుట్టదు. దంతాల చరిత్రంతా ఈ ఒక్క లోటు చుట్టూనే తిరుగుతుంది.

శ్రీశైలంలోనో అహోబిలంలోనో భక్తుల చేతిలోని కొబ్బరిచిప్ప లాక్కుపోయే కోతి నోట్లో కూడా 32 పళ్లే ఉంటాయి. ఒక్కో పక్కన, పైనా కిందా, రెండు కొరికే పళ్లు, ఒక కోర, రెండు చిన్న దంతాలు, మూడు పెద్ద దంతాలు. సంఖ్యా మనదే, వరసా మనదే. రెండున్నర, మూడు కోట్ల ఏళ్ల కిందటి ఉమ్మడి పూర్వీకుల నుంచి ఈ లెక్క మారలేదు. మారిందల్లా కోర. మగ కోతి పై కోర పొడవుగా, కింది పంటికి రాసుకుని పదునెక్కుతూ ఉంటుంది. మన కోర పక్కపళ్ల వరసలో కలిసిపోయింది.

ఇక్కడే ఒక వాదన ఆపకుండా నడుస్తుంటుంది. మనిషికి కోరలున్నాయి కాబట్టి మాంసాహారి అని ఒకరు, కోరలు చిన్నవి కాబట్టి శాకాహారి అని ఇంకొకరు. కోరను సాక్ష్యంగా పిలిస్తే ఇద్దరి కేసూ నిలబడదు. గొరిల్లా తినేది ఆకులూ కాడలూ, దాని కోరలు చూస్తే గుండె జారుతుంది. ఇథియోపియాలో దొరికిన 44 లక్షల ఏళ్ల కిందటి ఆర్డిపిథెకస్ అనే తొలి మానవ వర్గపు జీవికి అప్పటికే కోరలు తగ్గాయి, మగా ఆడా తేడా కూడా తక్కువే. ఇప్పటిదాకా దొరికిన అతి పాత రాతి పనిముట్లు కెన్యాలోని లొమెక్వి దగ్గరివి, వాటి వయసు 33 లక్షల ఏళ్లు. అంటే మాంసం కోసే కత్తి రాకముందే కోర తగ్గింది. మగవాళ్లు ఒకరినొకరు కోరలు చూపించి బెదిరించుకోవడం తగ్గడమే దీనికి కారణమని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. కోర కథ ప్రధానంగా కొట్లాటల కథ. తిండి కథ వెనక దంతాల్లో ఉంది.

ఆ వెనక దంతాలు కూడా తేలిగ్గా నిజం చెప్పవు. 1959లో టాంజానియాలోని ఓల్డువాయి లోయలో మేరీ లీకీకి ఒక పుర్రె దొరికింది. అది మనిషికి దూరపు చుట్టమైన, అంతరించిపోయిన జీవిది. ఇప్పుడు దాన్ని పరాంత్రోపస్ బోయిసీ అంటున్నారు. మన దంతాలకంటే ఎంతో పెద్ద దంతాలు, మందపాటి ఎనామిల్, దవడ కండరాలు పట్టుకోవడానికి నడినెత్తిన ఎముక గట్టు. గట్టి గింజలు పటపట కొరికి పగలగొట్టేవాడని అంతా అనుకున్నారు, ‘నట్‌క్రాకర్ మ్యాన్’ (గింజలు పగలగొట్టేవాడు) అనే పేరు కూడా స్థిరపడింది. తర్వాత ఆ దంతాల మీది గీతలను సూక్ష్మదర్శినిలో చూస్తే గట్టి గింజలు కొరికినప్పుడు పడే గుంటలు పెద్దగా లేవు. 2011లో ఎనామిల్‌లోని కార్బన్‌ను పరీక్షిస్తే ఆహారంలో నాలుగింట మూడొంతులకు పైగా గడ్డి, తుంగ జాతి మొక్కలేనని తేలింది. రాళ్లలాంటి గింజలు కొరికేవాడనుకున్నవాడు పొద్దస్తమానం తుంగ నమిలేవాడన్నమాట. పంటి ఆకారం ఏం తినగలడో చెబుతుంది. నిజంగా ఏం తిన్నాడో చెప్పేవి గీతలు, కార్బనూ.

ఈ కార్బన్ పరీక్ష రాయలసీమకు దగ్గరి విషయం. మొక్కలు గాలిలోని కార్బన్‌ను పట్టుకునే పద్ధతులు ప్రధానంగా రెండు రకాలు. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, చెరకు, మొక్కజొన్న ఒక వర్గం. వరి, గోధుమ, పప్పుధాన్యాలు, వేరుశనగ ఇంకో వర్గం. మొదటి వర్గంలో బరువైన కార్బన్ పాలు కొంచెం ఎక్కువ. తిన్నదాని గుర్తు ఎనామిల్ తయారయ్యే వయసులో, అంటే చిన్నతనంలో, పంటిలో పడిపోతుంది. తర్వాత మారదు. అనంతపురం పల్లెల్లో ఎనభై ఏళ్ల అవ్వ చిన్నప్పుడు తిన్నది జొన్నరొట్టె, కొర్రన్నం, రాగి సంగటి. తాగిన పాలు కూడా జొన్న చొప్ప మేసిన ఆవువి. వరన్నం పండుగనాటి సంగతి. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక పుట్టిన మనవడు పెరిగింది వరన్నం మీద. ఇద్దరి దంతాలు పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే, ఆ సూత్రం ప్రకారం, ప్రభుత్వ పథకం ఒకటి పంటిలో గీత గీసినట్టు కనిపించాలి. లక్షల ఏళ్ల నాటి తుంగను పట్టించిన పరీక్షే రేషన్ బియ్యాన్నీ పట్టిస్తుంది.

మళ్లీ వెనక్కి వెళ్తే, దంతాల దారి మళ్లింది మన హోమో జాతి దగ్గర. దాదాపు 20 లక్షల ఏళ్ల కిందట కనిపించిన హోమో ఎరెక్టస్‌కు పరాంత్రోపస్‌తో పోలిస్తే దంతాలు బాగా చిన్నవి. ఒంటి సైజు పెరిగింది, మెదడు పెరిగింది, ఇంత ఒంటికి తిండి ఎక్కువ కావాలి. మరి పళ్లు తగ్గితే ఎలా నడిచింది? చింపాంజీ రోజులో గంటల తరబడి నములుతూనే ఉంటుంది. పచ్చి గడ్డలూ పచ్చి మాంసమూ మన పళ్లతో నమలడం ఎంత కష్టమో చూడటానికి 2016లో జింక్, లీబర్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు మనుషుల చేత మేకమాంసం, గడ్డలు నమిలించి కొలిచారు. పచ్చి మేకమాంసం ముక్క ఎంత నమిలినా బబుల్‌గమ్‌లా సాగుతుందే తప్ప తెగలేదు. అదే మాంసాన్ని రాతి పలుకుతో సన్నగా కోసి, గడ్డలను రాయితో దంచి పెడితే, మాంసం మూడో వంతు ఉన్న తిండికి, దంచని పచ్చి గడ్డలే తినడంతో పోలిస్తే, నమలడాల సంఖ్య 17 శాతం, పట్టాల్సిన బలం 26 శాతం తగ్గాయి. నిప్పు లేకుండానే ఇంత మిగులు. పంటికి బదులు రాయి పనిచేయడం మొదలైంది అక్కడ.

నిప్పు ఎప్పుడు వచ్చిందన్నది ఇంకా తగవే. దక్షిణాఫ్రికాలోని వండర్‌వెర్క్ గుహలో పది లక్షల ఏళ్ల కిందటి బూడిద దొరికింది. వంటే మనిషిని మనిషిని చేసిందనే రిచర్డ్ రాంగమ్ వాదన అంతకన్నా ముందు నుంచే నిప్పు వాడి ఉండాలంటుంది, దానికి తగిన బూడిద ఇంకా చేతికి రాలేదు. ఏమైనా, ఉడికిన పిండిపదార్థం మనిషికి కొత్త కాదనే ఆధారం నోట్లోనే ఉంది. లాలాజలంలో అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిని చక్కెరగా విడగొడుతుంది. చింపాంజీకి దాని జన్యువు ప్రతులు రెండే. మనుషుల్లో మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది, సగటున ఆరు దాకా ఉంటాయి. పిండి ఎక్కువ తినే సమాజాల్లో ఆ ప్రతులు ఇంకొంచెం ఎక్కువని 2007లో తేలింది. నియాండర్తల్ మనుషుల పళ్లకు పట్టిన గారలో కూడా ఉడికిన పిండి రేణువులు దొరికాయి. మన డెంటిస్టు గీకి పారేసే గార పురావస్తు శాస్త్రవేత్తకు భోజనాల రిజిస్టరు.

సీమలో ఈ కథ జాడలు కొన్ని కాళ్ల కిందే ఉన్నాయి. బనగానపల్లె, బేతంచెర్ల మధ్య జుర్రేరు లోయలో జ్వాలాపురం దగ్గర 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం కక్కిన బూడిద పొర కనిపిస్తుంది. ఆ పొరకు కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. చాలాకాలం తర్వాత వచ్చిన తొలి రైతుల ఊళ్లు కడప జిల్లా పెద్దముడియంలోనూ అనంతపురం జిల్లా వేల్పుమడుగులోనూ బయటపడ్డాయి. దక్షిణ దక్కన్ నవీన శిలాయుగ స్థలాల్లో కాలిన గింజలను పరిశీలిస్తే ఎక్కువగా కనిపించేవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు, కొర్రకు దగ్గరి చుట్టమైన ఒక గడ్డి గింజ. జొన్న, రాగి, సజ్జ ఆఫ్రికా నుంచి తర్వాత వచ్చినవి. ‘మన అనాది పంట జొన్న’ అనేవాళ్లకు ఈ మాట రుచించదు గానీ, ఉలవచారు తాగేవాళ్లు మాత్రం ధైర్యంగా నాలుగు వేల ఏళ్ల వారసత్వం చెప్పుకోవచ్చు.

వ్యవసాయంతో నోటికి రెండు మార్పులు వచ్చాయి. ఒకటి అరుగుదల స్వభావం. తిరగలిలో విసిరిన పిండిలో రాతిపొడి కలుస్తుంది, రోట్లో నూరిన పచ్చట్లోనూ అంతే. అది రోజూ తింటే నడివయసు వచ్చేసరికే దంతాల గుబ్బలు అరిగి బల్లపరుపుగా తయారవుతాయి. రెండోది పుచ్చు. నోట్లోని బ్యాక్టీరియా పిండినీ చక్కెరనూ పులియబెట్టి ఆమ్లం చేస్తాయి. ఆమ్లం పెరిగేకొద్దీ పీహెచ్ అనే కొలత తగ్గుతుంది, అది 5.5 కంటే కిందికి దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. గంగా మైదానంలోని మహదహా, దమ్దమా వంటి వేటగాళ్ల స్థలాల్లో పుచ్చుపళ్లు చాలా తక్కువ, హరప్పా రైతుల దగ్గరికి వచ్చేసరికి పెరిగాయి. ఈ తేడాను జాన్ లుకాక్స్ అనే పరిశోధకుడు దశాబ్దాల పాటు పరిశీలించారు. చాలాచోట్ల మగవాళ్లకంటే ఆడవాళ్లకు పుచ్చు ఎక్కువగా ఉండటాన్ని ఆయన వంటింటి రుచి చూడటాలతోపాటు గర్భధారణల్లో లాలాజలంలో వచ్చే మార్పులతోనూ ముడిపెట్టారు. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో ఏడున్నర నుంచి తొమ్మిది వేల ఏళ్ల కిందట తొమ్మిది మంది నోళ్లలో పదకొండు దంతాలకు చెకుముకి రాయి మొన ఉన్న బర్మాతో రంధ్రాలు చేశారు. పూసలకు తొర్రలు పెట్టే పనితనం అది. మత్తు లేదు, నొప్పి సంగతి ఊహించుకోవాల్సిందే.

అయితే పాపమంతా వ్యవసాయం మీదికి నెట్టడం తొందరపాటు. మొరాకోలోని తాఫొరాల్ట్ గుహలో 15 వేల ఏళ్ల నుంచి 13,700 ఏళ్ల కిందటి వేటగాళ్ల దంతాల్లో సగానికి పైగా పుచ్చినవే. వాళ్లు పంట వేయలేదు. ఓక్ కాయలు, పైన్ గింజలు సేకరించి నిల్వ చేసుకుని తిన్నారు. పంటికి అతుక్కునే తీపిపిండి దొరికితే చాలు, అది పొలం నుంచి వచ్చిందా అడవి నుంచి వచ్చిందా అన్నది బ్యాక్టీరియాకు అనవసరం.

ఇక దవడ. ఎముక మీద బలం పడితే ఎముక పెరుగుతుంది, పెరిగే వయసులో మరీను. హైరాక్స్ అనే కుందేలంత జంతువులను రెండు గుంపులు చేసి ఒక గుంపుకు వండిన మెత్తటి తిండి, ఇంకో గుంపుకు అదే తిండి పచ్చిగా, ఎండుగా పెట్టి చూస్తే, మెత్తటిది తిన్నవాటి ముఖం కింది, వెనక భాగాల ఎదుగుదల దాదాపు 10 శాతం తగ్గింది. రాబర్ట్ కొరుచ్చిని, ఆయన సహచరులు 1980లలో చండీగఢ్ పరిసరాల్లో పల్లె యువతనూ పట్నం యువతనూ పోల్చి చూశారు. పళ్లు ఎగుడుదిగుడుగా రావడం పట్నంలో ఎక్కువ. రెండు గుంపుల జన్యువుల్లో అంత తేడా ఉండే అవకాశం లేదు. తేడా తిండి గట్టిదనంలో ఉంది. పళ్లు తమ పాత సైజులోనే తయారై వస్తాయి, చిన్నదైన దవడలో చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కర్నూల్లో, అనంతపురంలో కాలేజీ పిల్లల నోళ్లలో కనిపించే క్లిప్పుల వెనక ఫ్యాషన్‌తోపాటు ఇదీ ఉంది.

‘మా కాలంలో సంగటి తిన్నాం, అందుకే పళ్లు గట్టిగా ఉన్నాయి’ అనే పెద్దవాళ్ల మాటను ఇక్కడ కాస్త జాగ్రత్తగా చూడాలి. రాగి సంగటిని అసలు నమలరు. ముద్ద చేసి, ఊరిబిండిలోనో పులుసులోనో అద్ది మింగుతారు. నమిలితే పళ్లకు అంటుకుంటుందని నమలవద్దనే చెబుతారు. దవడకు అది వరన్నం కన్నా తేలిక. పని పెట్టింది సంగటి పక్కనున్న మిగతావి. రెండో పూటకు గట్టిపడిన జొన్నరొట్టె, కాల్చిన జొన్న కంకి, వేయించిన శెనక్కాయలు, పంటితోనే చీల్చుకుని తిన్న చెరకు, ఎముకతో సహా నమిలిన నాటుకోడి. ఇవి పోయి ఉదయం ఉగ్గాని, మధ్యాహ్నం సన్నబియ్యం అన్నం, సాయంత్రం బిస్కెట్లు వచ్చాయి. ఉగ్గాని రుచికి పేరు పెట్టే పని లేదు గానీ, పంటి వైపు నుంచి చూస్తే నానబెట్టి పిండిన బొరుగులు మెత్తటి పిండే. వెనక దంతాల గాడుల్లో చేరి నాలుక్కి అందకుండా కూర్చుంటాయి. పక్కన బజ్జీ ఉన్నంత మాత్రాన దవడకు పెద్ద వ్యాయామం రాదు.

పుచ్చుకు అసలు శత్రువు మాత్రం చక్కెర, దానికన్నా ఎక్కువ దాన్ని తీసుకునే పద్ధతి. తీపి తిన్న ప్రతిసారీ నోట్లో ఆమ్లం పెరుగుతుంది, లాలాజలం దాన్ని మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంటో గంటో పడుతుంది. పెళ్లిలో ఒకేసారి నాలుగు ఓళిగలు తినడం కన్నా, దుకాణంలో కూర్చుని గంటకో తీపి టీ తాగడం పంటికి ఎక్కువ చేటు. పళ్లకు తేరుకునే సందే దొరకదు. పళ్ల గారలోని పాత డీఎన్ఏను చదివినవాళ్లు నోటి బ్యాక్టీరియా రకాల్లో రెండు పెద్ద మార్పులు చూశారు. ఒకటి వ్యవసాయంతో, రెండోది పారిశ్రామిక యుగంలో మర పిండి, చక్కెర వచ్చాక. ఇంత తక్కువ కాలంలో ఎనామిల్ మారదు, బ్యాక్టీరియా మాత్రం ఎప్పటికప్పుడు మారిపోతుంది.

అనంతపురం జనం పళ్ల గురించి రాస్తూ నీళ్లను వదిలేయడం కుదరదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణం. జిల్లాలోని చాలా బోర్లలో అంతకు మించి ఉంటుంది, రాతిపొరల్లోంచి వచ్చే నీళ్లు కనుక. కొద్దిపాటి ఫ్లోరైడ్ ఎనామిల్‌ను ఆమ్లానికి తట్టుకునేలా చేస్తుంది. ఎక్కువైతే, ఎనామిల్ తయారవుతున్న వయసులోనే పనిని పాడుచేస్తుంది. సుమారు ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్లే లెక్కలోకి వస్తాయి. పెద్దయ్యాక ఊరు మారినా పసుపు, గోధుమరంగు చారలు పోవు, బ్రష్షు ఎంత రుద్దినా రావు, అవి మురికి కాదు కనుక. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వందల పల్లెలకు చేరాక పుట్టిన పిల్లల పళ్లనూ వాళ్ల అమ్మానాన్నల పళ్లనూ కలిపి చూస్తే, అదే వీధిలో బోరు నీళ్ల కాలం ఎక్కడ ఆగిందో చెప్పవచ్చు. ఇది పరిణామం కాదు, జన్యువులకు సంబంధం లేదు. ఒక తరం నీళ్లు ఒక తరం పంటి మీద రాసినది మాత్రమే.

జ్ఞానదంతం విషయంలో మాత్రం రెండు లెక్కలూ కలుస్తాయి. దవడ చివర 17 నుంచి 25 ఏళ్ల మధ్య రావాల్సిన ఈ దంతం, చోటు లేక అడ్డంగా తిరిగి పక్కదాన్ని తోస్తుంది, సగం బయటికి వచ్చి చిగురు కింద తిండి చేర్చుకుంటుంది. ప్రపంచం మొత్తం మీద ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా కనీసం ఒక జ్ఞానదంతం అసలు తయారే కాదు. ఇది జన్యుపరమైనదే. దీన్ని చూసి ఇంకొన్ని తరాల్లో జ్ఞానదంతం మాయమవుతుందని చెప్పేవాళ్లున్నారు. అలా జరగాలంటే అది ఉన్నవాళ్లకు లేనివాళ్లకన్నా పిల్లలు తక్కువ పుట్టాలి. యాంటిబయాటిక్ లేని కాలంలో చీము పట్టిన జ్ఞానదంతం ప్రాణం మీదికి తెచ్చేది, అప్పుడు ఆ మాట కొంత నిజమై ఉండవచ్చు. ఇప్పుడు నొప్పి వచ్చినవాళ్లు టౌన్‌కు పోయి ఎక్స్‌రే తీయించుకుని పీకించుకుంటున్నారు. ఆ పన్నును తెచ్చిన జన్యువు పిల్లలకు వెళ్తూనే ఉంది.